ఏదీ మాస్టారి చివరి క్షణం

మా ఆయన పోయినప్పుడు ఆసుపత్రి గదిలో నేను లేను. ఇంజెక్షను బయటి నుంచి తెమ్మన్నారని కింద మందుల షాపుకు వెళ్లాను. నా ముందు ఇద్దరుంటే, వంతు వచ్చేదాకా నిలబడ్డాను. పొట్లం పట్టుకుని మెట్లెక్కి వచ్చేసరికి దాంతో పని లేకుండా పోయింది. మంచం పక్కన బావగారు, అంటే ఆయన అన్నయ్య, ఒక్కరే ఉన్నారు.

ఆయనా నేనూ ఒకే బడిలో చెప్పేవాళ్లం. నాది లెక్కలు, ఆయనది సైన్సు. ఎవరేం చెప్పినా "ఏదీ, చూపించు" అనేవారని పిల్లలు ఆయనకు ఏదీ మాస్టారని పేరు పెట్టారు. కూరలో ఉప్పు సరిపోయిందని నేనన్నా అదే మాట, గరిటె పట్టుకుని వచ్చేవారు. దేవుడున్నాడన్నా అదే మాట, లేడన్నా అదే మాట. దాంతో రెండు పక్షాల వాళ్లకీ ఆయనంటే ఒళ్లు మంటగా ఉండేది.

సైన్సు గదిలో ఆయన ఫోటో పెడతామన్నారు హెడ్మిస్ట్రెస్. ఫ్రేము కింద రాగి రేకు మీద పేరు, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం, ఒక వాక్యం. ఆ వాక్యం కోసమే ఒక మధ్యాహ్నం నన్ను పిలిచారు. వెళ్లేసరికి బావగారూ, ప్లీడరుగారూ వచ్చి కూర్చున్నారు. ప్లీడరుగారు మా ఆయన స్నేహితుడు, ఊళ్లో నాస్తిక సంఘానికి అధ్యక్షుడు.

"వాడు చివర్లో దేవుడికి దణ్ణం పెట్టాడమ్మా. నా కళ్లతో చూశాను. అదే రాయించు," అన్నారు బావగారు.

ప్లీడరుగారు కుర్చీ వెనక్కి నెట్టారు. "ఇన్నేళ్లు మీరు మొత్తుకున్నా పెట్టనివాడు, పోతూ పోతూ మీ ముచ్చట తీర్చాడా? చెల్లెమ్మా, చివరి శ్వాస దాకా తల వంచలేదని రాయిద్దాం."

"మీరక్కడ ఉన్నారా?" అన్నారు బావగారు.

"ఉండక్కర్లేదు. వాడేమిటో నాకు తెలుసు."

"ఒకే కంచంలో తిని పెరిగాం. నాకు తెలీదా?"

హెడ్మిస్ట్రెస్ నావైపు చూశారు. "మీరు ఏది చెబితే అదే టీచర్. చెక్కే అతను బయట కూర్చున్నాడు."

"ఎలా పెట్టారు బావగారూ దణ్ణం? ఒకసారి చూపించండి," అన్నాను.

ఆయన రెండు చేతులూ మెల్లగా పైకెత్తారు. గడ్డం దగ్గర ఆగాయి. తన చేతుల్ని తనే కాసేపు చూసుకున్నారు.

"కలిశాయా?"

"కలవబోయాయి."

"మొహం మీద ఆక్సిజన్ మాస్కు ఉందా?"

"ఉంది."

"అది పీకేసుకోవాలని చేతులు అలాగే తెచ్చేవారు. నేనే పట్టుకుని దించేదాన్ని."

"చెప్పానా!" ప్లీడరుగారు బల్ల చరిచారు.

"ఆగండి అన్నయ్యగారూ. మాస్కు కోసమేనని నేననలేదు. దణ్ణమే పెట్టబోయారేమో. నన్ను పిలవబోయారేమో. మీరూ నేనూ అక్కడ లేం. ఉన్న బావగారికీ తెలియదు."

బావగారి గొంతు తగ్గింది. "ఆ ఒక్కటీ నాకు ఉండనివ్వమ్మా. వాడు ఏ దిక్కూ లేకుండా పోయాడనుకుంటే నిద్ర పట్టడం లేదు."

"నాకు మాత్రం పడుతోందా? చివర్లో నన్నే వెతికారనుకుంటే నాకూ హాయిగానే ఉంటుంది. అయినా అనుకోవడం లేదు. మీ మనసులో మీరేం దాచుకున్నా నేను కాదనను. ఆయన పేరు కింద మాత్రం, తెలియనిదాన్ని తెలిసినట్టు రాయనివ్వను."

"ఖాళీగా వదిలేస్తే ఆఖర్లో లొంగిపోయాడంటారు," అన్నారు ప్లీడరుగారు.

"అననివ్వండి. ఏదీ, చూపించమంటాను."

"సంఘంలో నేనేం చెప్పుకోను?"

"తెలియదని చెప్పండి. నోరేం పడిపోదు."

బావగారికి నవ్వు రాబోయి ఆగింది. ప్లీడరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, చాలాసేపు.

"ఖాళీగా ఉంటే బాగుండదేమో టీచర్," అన్నారు హెడ్మిస్ట్రెస్.

"బాగుండదు. అయినా ఉంచండి."

చెక్కే అతను లోపలికి వచ్చి పేరూ, రెండు సంవత్సరాలూ చెక్కి వెళ్లిపోయాడు. ఇప్పుడు ఆయన క్లాసులు కూడా నేనే తీసుకుంటున్నాను. ఫోటో కింద ఆ నున్నటి జాగా ఎందుకని పిల్లలు అడుగుతారు. ఒక వాక్యానికని చెబుతాను. ఏ వాక్యమంటే తెలియదంటాను.

అది ఇంకా రాయలేదు.