సగం మడత

నేను ఒక మడత ఫోనును. పుస్తకంలా తెరుచుకుంటాను, పుస్తకంలా మూసుకుంటాను. సగం వంచి నేల మీద పెడితే ఏ ఆసరా లేకుండా నిలబడతాను. నేను పుట్టిన ఫ్యాక్టరీలో ఒక యంత్రం నా తోబుట్టువులు కొందరిని మడిచి, విప్పి, మళ్లీ మడిచి, విరిగేదాకా వదల్లేదు. నేను మాత్రం అట్టపెట్టెలో పడుకుని క్షేమంగా విశాఖపట్నం చేరాను.

ఋషికొండ దగ్గర ఒక చిన్న కంపెనీ నన్ను కొన్నది. ఇంట్లోంచే డాక్టరుకి వీడియోలో చూపించుకునే ఆప్ వాళ్లది. అది నాలాంటి ఫోన్లలో సరిగ్గా నడుస్తుందో లేదో చూడడానికి నన్ను తెచ్చారు. తెచ్చాక నా ఖరీదు తలుచుకుని మేనేజరు మజ్జి ఈశ్వరరావుకి గుండెదడ పట్టుకుంది. నా మీది ప్లాస్టిక్ పొర కూడా తీయనివ్వలేదు.

"ఊరికే మడవకండర్రా, మడత అరిగిపోద్ది!" అనేవాడు. పరీక్షలు చేసే నస్రీన్ నన్ను పూర్తిగా తెరిచి చూసింది, పూర్తిగా మూసి చూసింది. సగంలో ఆపి చూడబోతే ఆయన నోరు చేసుకున్నాడు. మడత ఫోను కొని మడవనివ్వని మహానుభావుణ్ణి నేను అక్కడే చూశాను. అయినా తమ ఆప్ మడత ఫోన్లకు సిద్ధమని ప్రకటించి, అందరూ కలిసి కేకు తిన్నారు.

తర్వాత ఈశ్వరరావు నన్ను కంపెనీ దగ్గర చవగ్గా కొని, విజయనగరంలో ఉన్న అక్క పైడమ్మకి ఇచ్చాడు. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. చూపు మందగించింది కదా, తెర పెద్దదైతే అక్షరాలు కనిపిస్తాయని అతని ఆశ. ఆవిడ మొదటి రోజే ప్లాస్టిక్ పొర పీకి పారేసింది, నాకు ప్రాణం లేచి వచ్చింది. పూలు కట్టేటప్పుడు నన్ను సగం వంచి ఎదురుగా నిలబెట్టుకునేది. వచ్చినవాళ్లందరికీ "మా తమ్ముడు సేసిన ఆప్ ఇందులో ఉంది" అని చూపించేది.

ఒక సాయంత్రం ఆవిడకి ఆయాసం వచ్చింది. కాళ్లు పొంగాయి. ఆప్‌లో డాక్టరమ్మ కనిపించి, "పాదం పైన బొటనవేలితో గట్టిగా నొక్కండి. సొట్ట పడుతుందేమో నాకు చూపించండి" అంది. నొక్కాలంటే వంగాలి, రెండు చేతులూ కావాలి. పైడమ్మ నన్ను సగం వంచి నేల మీద నిలబెట్టింది. అంతే, డాక్టరమ్మ మాయమైంది. 'మీ వంతు వచ్చేవరకు దయచేసి వేచి ఉండండి' అని తెర మీద పడింది. వంతు వచ్చాక మళ్లీ కాలు చూపించమన్నారు. మళ్లీ నన్ను వంచింది, మళ్లీ అదే జరిగింది.

"ఏటి డాక్టరమ్మా, ఎక్కడికెల్లిపోనావు?" అని నా ముఖంలోకి వంగి అడిగింది. ఆ గొంతు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

పక్కింటి సూరీడమ్మ వచ్చి, తమ్ముడికి ఫోను చెయ్యమని ఆవిడకి చెప్పింది. "వద్దే. ఆడు సేసింది పని సెయ్యలేదని ఆడితోటే అంటానా? సిన్నబుచ్చుకుంటాడు. రేపు సూద్దాంలే" అంది పైడమ్మ. తెల్లారేసరికి ఆవిడ లేదు.

డాక్టరు మాయమైపోయిన సంగతి సూరీడమ్మే ఈశ్వరరావుకి చెప్పింది. అతను నన్ను వెంట విశాఖపట్నం తీసుకెళ్లి, ఆప్ తెరిచి, సగం వంచి చూశాడు. వేచి ఉండమనే మాట పడేముందు, రెప్పపాటు, పై సగంలో పైడమ్మ కనిపించింది. ఆ రోజు చివరి బొమ్మ ఆప్‌లో చిక్కుకుపోయింది. వంగి, ఏదో అడుగుతున్న ముఖం. అతను విప్పి మళ్లీ వంచాడు. మళ్లీ వచ్చింది. నన్ను ఒళ్లో పెట్టుకుని "అక్కా, నేనే, నేనే" అంటూ వెక్కి వెక్కి ఏడ్చాడు.

తప్పు సరిదిద్దడం నస్రీన్ వాళ్లకి పెద్ద పని కాలేదు. కానీ పరీక్షించడానికి ఆఫీసులో మరో మడత ఫోను లేదు, కొనే స్తోమతా లేదు. నాలో కొత్త ఆప్ ఎక్కిస్తే పాతది పోతుంది, దానితోపాటు ఆ ముఖమూ పోతుంది. ఫోటో తీసినా, వీడియో తీసినా ఆ రెప్పపాటు మసకగా తప్ప అతనికి చిక్కలేదు. ఇంట్లో మర్చిపోయానని ఒకరోజు, చార్జింగ్ లేదని ఒకరోజు తప్పించుకున్నాడు. గది తలుపు వేసుకుని నన్ను వంచుతూ కూర్చునేవాడు. వంచినప్పుడల్లా ఆవిడ వచ్చేది. నాకు భయమేసేది, అతను వంచకపోతే బెంగగానూ ఉండేది.

చివరికి నస్రీన్ తలుపు తోసుకుని వచ్చింది. "సార్, పలాస నుంచి ఒకాయన రాశారు. ఫోను వంచగానే డాక్టరు మాయమైపోతున్నాడంట. గుండెజబ్బు మనిషంట సార్. ఆ ఫోను ఇవ్వండి."

ఈశ్వరరావు నన్ను ఆఖరిసారి వంచాడు. ఆవిడ వచ్చింది, వెళ్లింది. కొత్త ఆప్ తన చేత్తోనే ఎక్కించాడు. నస్రీన్ డాక్టరులా పక్క గదిలోంచి వీడియోలోకి వచ్చింది. అతను నన్ను సగం వంచి నేల మీద నిలబెట్టి, తన పాదం మీద బొటనవేలితో నొక్కాడు.

"సార్, మీ కాలు బాగా కనిపిస్తోంది. నేను కనిపిస్తున్నానా?"

"కనిపిస్తున్నావమ్మా" అన్నాడు, కళ్లు తుడుచుకుని. "ఇవాళే అందరికీ పంపించెయ్."

ఆ అమ్మాయి సరేనని వీడియోలోంచి వెళ్లిపోయాక కూడా అతను నేల మీదనుంచి లేవలేదు. నన్ను విప్పాడు, వంచాడు, విప్పాడు. నాలో ఇక పైడమ్మ లేదు.