నూకాలమ్మ బావిలో పసుపు

భిలాయిలో రుఆబాంధా బస్తీ వెనక, తెలుగువాళ్ళ ఇళ్ళ లైనులో ఉన్న బావిలో నూకాలమ్మ స్వయంగా పసుపు కలిపింది. సెక్టర్ 2 నుంచి సెక్టర్ 7 దాకా ఈ మాట నమ్మనివారు లేరు. నమ్మడానికి కారణమూ ఉంది. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు పనికి వచ్చిన తొలితరం వారు, కొత్త అమావాస్య జాతరలో ఊరేగిన ఘటాల పసుపునీళ్ళను చివరికి ఈ బావిలో కలిపే ఆచారం పెట్టుకున్నారు. ఏటా ఆ రంగు జాతర వెంటనే తేటపడిపోయేది. ఈసారి తేటపడలేదు సరికదా, ఎండలు ముదిరేకొద్దీ చిక్కబడింది. అమ్మవారు బావిలోనే నిలిచిపోయిందన్నారు. జనం సీసాలు పట్టుకుని వచ్చారు. ఒక భక్తుడు మొక్కు తీర్చుకుంటూ బావికి మోటారు పెట్టించాడు. పొద్దు పొడిచింది మొదలు అది ఆడుతూనే ఉండేది.

వనజాక్షి నమ్మలేదు. ఆమె బడిలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. మామూలుగా అయితే ఒకరి మొక్కుల జోలికి పోయేది కాదు. కాని జాతరలో ఘటం ఎత్తేది ఆమె వదిన కన్నమ్మ. కన్నమ్మ కోడలు రోహిణికి ఏడో నెల. బిడ్డకు అమ్మవారి చలవ తగలాలని రోజూ పరగడుపున ఆ నీళ్ళు ఒక గ్లాసు కోడలి చేత తాగిస్తోంది. ఆ గ్లాసు ఆగాలి. వనజాక్షి పట్టుదలంతా దానికోసమే.

ఆమె అనుమానం రోడ్డుకు అవతల మూతపడిన రేకుల షెడ్డు మీద. అక్కడ ఒకప్పుడు మోటారు సైకిళ్ళ హ్యాండిళ్ళకు క్రోమియం పూత వేసేవారు. యజమాని గేటుకు తాళం వేసుకుని ఎటో పోయాడు. తొట్లూ పీపాలూ లోపలే తుప్పు పట్టాయి, వాటిలోది నేలలోకి ఇంకి ఉంటుంది. పూతకు వాడే క్రోమియం నీటిని పసుపుపచ్చగా మారుస్తుంది. చాలా విషాలను మట్టి పట్టి ఆపుతుంది గాని, దీన్ని అంతగా ఆపలేదు. నీరు ఎటు నడిస్తే అదీ అటే నడుస్తుంది.

మొదటి పరీక్ష వదిన వంటింట్లోనే చేసింది. దిష్టి తీసే ఎర్రనీళ్ళు ఎలా కలుపుతావని అడిగితే, పసుపునీళ్ళలో సున్నం వేస్తానంది కన్నమ్మ. వనజాక్షి ఒక పళ్ళెంలో ఇంటి పసుపు కలిపిన నీళ్ళు, మరొక పళ్ళెంలో బావినీళ్ళు పోసి, రెంటిలోనూ సున్నం వేసింది. మొదటిది మందారంలా ఎర్రబడింది. రెండోది పచ్చగానే ఉండిపోయింది.

"అది కొట్లో పసుపు, ఎర్రబడతాది. ఇది అమ్మోరి పసుపు. నీ సున్నానికి జడుస్తాదేటి?" అంది కన్నమ్మ తాపీగా.

"బువాజీ, ఈ రౌండ్ అత్తమ్మదే," అంది రోహిణి నవ్వాపుకుంటూ. మొగుడి మేనత్తను ఆమె హిందీలో అలాగే పిలుస్తుంది.

ఏ పరీక్షకూ లొంగని జవాబు అది. దానితో వాదించి లాభం లేదని వనజాక్షికి తెలుసు. పైగా లైనంతా మరో ఎగతాళి మొదలైంది. షెడ్డు పల్లంలో ఉంది, బావి మెరకలో ఉంది. నీళ్ళు మెట్లెక్కి వచ్చాయా టీచరమ్మా అని.

ఆ ఎగతాళిలో న్యాయం లేకపోలేదు. అందుకని ఆమె రైల్వే సర్వేలో పనిచేసి రిటైరైన కృష్ణమోహన్‌ను పిలుచుకొచ్చింది. షెడ్డుకూ బావికీ నడుమ, రోడ్డు పక్కన తల ఊడిన చేతిపంపు ఒకటి ఉంది. ఆ గొట్టంలోకి, బావిలోకి టేపు దింపి ఆయన నీటిమట్టాలు కొలిచాడు. మేస్త్రీల లెవెల్ గొట్టంతో నేల ఎత్తుపల్లాలూ లెక్కకట్టాడు. మోటారు వెయ్యకముందు బావినీరే కాస్త పైన ఉంది. మోటారు ఆడాక బావి ఎంత లోతుకు దిగిందంటే, పంపు గొట్టంలోని నీరు దానికి ఎగువైపోయింది.

"నేల వాలు వేరు, కింద నీటి వాలు వేరు మేడమ్. ఎవడు ఎక్కువ తోడితే ఆడి వైపే పల్లం," అన్నాడు కృష్ణమోహన్.

వేసవిలో కుళాయిలు సన్నగిల్లి లైనంతా బావి మీద పడినప్పుడే ఆ లాగుడు మొదలైంది. మోటారు దాన్ని బలపరిచింది. తీర్థం తోడినకొద్దీ పసుపు వచ్చి చేరుతోంది.

పంపు గొట్టంలోకి దారంతో చిన్న సీసా దింపి తీస్తే ఆ నీరూ పచ్చగానే ఉంది. వనజాక్షి దాన్ని వదిన ముందు పెట్టింది.

"ఘటం ఆ పంపు కాడ ఆగుతాది గదా? అమ్మోరు అక్కడ పసుపునీళ్ళు పోస్తాది, ఏటేటా," అంది కన్నమ్మ.

వనజాక్షి సీసా పక్కన పెట్టి, "అయితే అమ్మోరు ఎక్కడికి వెళ్ళదో చెప్పు వదినా," అంది.

"ఆ షెడ్డు గేటు దాటదు. మైల నేల అది. ఘటం ఏనాడూ లోపల అడుగెట్టలేదు."

"ఆ లోపల నేల కింద కూడా ఇదే పసుపు ఉంటే?"

"ఉంటే గ్లాసు ఆపేస్తాను. లేదంటే వచ్చే జాతరకి బావిలో పసుపునీళ్ళ తొలి బిందె నువ్వే పొయ్యాల," అంది కన్నమ్మ.

ఆ తరువాత వనజాక్షి చేసిన పనల్లా కాలుష్యం చూసే ఆఫీసు చుట్టూ తిరగడం. యజమాని ఆచూకీ లేదన్నారు, మళ్ళీ వెళ్ళింది. తాళం తియ్యడానికి ఉత్తర్వు కావాలన్నారు. మట్టాల లెక్కలూ పచ్చనీళ్ళ సీసాలూ బల్ల మీద పెట్టి, ఉత్తర్వు వచ్చేదాకా వస్తూనే ఉంటానంది. అన్నట్టే తిరగగా తిరగగా ఉత్తర్వు వచ్చింది. చివరికి రజనీకుమారి అనే ఇంజినీరు బోరు బండితో వచ్చింది. బాగుచేసే పద్ధతి ఉందని ఆమె లైనువాళ్ళకు చెప్పింది. విషం ఇంకిన మట్టిని తవ్వి తీసేస్తారు. బావి తోడడం ఆపి, షెడ్డు దగ్గరే తోడి, పారిన నీటిని వచ్చిన దారినే వెనక్కి లాగుతారు. మిగిలినదానికి అడ్డంగా కందకం తవ్వి ఇనుప రజను నింపుతారు. ఇనుము తగిలితే ఆ క్రోమియం గుణం మారి, రంగు పోయి, మట్టిని అంటుకుని కదలకుండా ఉండిపోతుంది. భిలాయిలో ఇనుప రజనుకు కరువా అని ఎవరో అన్నారు. అయితే విషం ఇక్కడిదేనని ముందు తేలాలంది రజనీకుమారి.

తాళం తీశారు. నీళ్ళు తన కళ్ళ ముందే తియ్యాలని కన్నమ్మ పట్టుబట్టి, ఘటం లేకుండా, వట్టి చేతులతో గేటు దాటింది. వెంట వచ్చిన రోహిణి గేటు దగ్గరే ఆగింది. బోరు ఎర్రమట్టిని, తరువాత బూడిదరంగు రాతిపొడిని కక్కింది. ఆఖరున నీరు తగిలింది. బురద తేరేదాకా ఆగి, రజనీకుమారి ఆ నీటిని గాజు గ్లాసులో పోసి కన్నమ్మకు అందించింది. కన్నమ్మ వనజాక్షి ఇచ్చిన బావినీళ్ళ సీసాను దాని పక్కన పెట్టి వెలుతురుకు ఎత్తి చూసింది. తిప్పి తిప్పి చూసింది.

"మోటారు కట్టెయ్యమను," అంది ఎవరి వైపూ తిరగకుండా. "రోహిణీ, రేపట్నించి మీ బువా తెచ్చే కుళాయి నీళ్ళే తాగు."

ఘటం ఏనాడూ దాటని ఆ గేటు లోపల, ఎవరూ ఎన్నడూ పసుపు పొయ్యని నేల కింద నీరు, బావినీటికంటే పచ్చగా ఉంది.