జయరత్నం సారు దిగే మెట్లు

మదనపల్లెలో ఆ అపార్ట్‌మెంటుకు అలారం అక్కర్లేదు. పొద్దున ఆరింటికి జయరత్నం సారు చక్రాల కుర్చీ వాకిట్లోని ఐదు మెట్లూ దిగుతుంది. ధడ్, ధడ్, ధడ్, ధడ్, ధడ్. అందులో సారు ఉండడు. ఆయన పోయి మూడేళ్ళు. బతికినన్నాళ్ళూ ర్యాంపు కట్టించండయ్యా అని అడిగాడు. పోయాక అడగడం మాని, దిగడం మొదలుపెట్టాడు. పాల ప్యాకెట్లకు వచ్చినవాళ్ళు "నమస్తే సార్" అని పక్కకు జరుగుతారు. ఏడింటికల్లా కుర్చీ మళ్ళీ లోపలి గోడవార ఉంటుంది.

దిగి దిగి మెట్ల అంచులు అరిగిపోయేవి. ప్రెసిడెంటు చెంగల్రాయుడు ఏటా మేస్త్రీ కొండప్పను పిలిపించి, మూటలకు మూటలు సిమెంటు పోయించి మళ్ళీ మెట్లు దిద్దించేవాడు. ర్యాంపుకు మాత్రం, పాపం, ఆయనకు సిమెంటు దొరకదు.

సారు ఇంట్లో ఇప్పుడు నీలిమ, వాళ్ళమ్మ బాడుగకున్నారు. నీలిమకూ చక్రాల కుర్చీయే కాళ్ళు. ఎత్తి దించే అన్న మనోజ్ పెళ్ళి చేసుకుని బెంగళూరు పోయాడు. సోమవారం ఆమె ఉద్యోగంలో చేరాలి. చేరకుంటే అది ఇంకొకరికి పోతుంది.

ఆదివారం కొండప్ప మెట్లు దిద్దుతుంటే, లోపల నిలబడి చూస్తున్న చెంగల్రాయుణ్ణి నీలిమ అడిగింది. "ర్యాంపు సంగతేమాయె, రాయుడన్నా?"

"వచ్చే మీటింగులో సూస్తాంలేమ్మా. వాకిట్లో ర్యాంపు పెడితే ఆసుపత్రి మాదిరి కనబడతాది."

"నువ్వు గోడ పట్టుకోని మూలుగుతా ఎక్కతావు సూడు, ఇప్పుడే అట్ల ఉండాదన్నా."

కొండప్ప తాపీ అడ్డం పెట్టుకుని నవ్వాడు. రాయుడు చరచరా పై అంతస్తుకు పోబోయి, లోపలి మెట్లలో మూడోదాని మీదే గోడ పట్టుకున్నాడు.

ఆయన పోయాక కొండప్ప గొంతు తగ్గించాడు. "ఈసారి సిమెంటు రోంత పల్సగా కలిపినా తల్లీ. పొద్దునకు గట్టిపడదు. ఆపైన సారు ఇష్టం."

నీలిమ గోడవారనున్న సారు కుర్చీ దగ్గరికి వెళ్ళింది. "సారూ, రేపు మీ ఎనకాలే నేనూ వస్తాండాను. రోంత నిదానంగా దిగండి."

ఖాళీ కుర్చీ సీటు, ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు, కొంచెం కిందికి దిగింది.

సోమవారం ఆరింటికి ధడ్ మనలేదు. ఇల్లు అలుకుతున్నట్టు మెత్తటి చప్పుడొకటి సాగి సాగి ఆగింది. నీలిమ బయటికి వచ్చేసరికి మెట్లు లేవు. బూడిదరంగు వాలు, దాని మీద గేటు దాకా రెండు చక్రాల గాడులు, రాయిలా గట్టిపడి ఉన్నాయి. ఆ గాడుల్లోకి తన చక్రాలు దించింది. బండి జారిపోకుండా వెనకనుంచి ఎవరో పట్టుకున్నారు. చల్లటి చేతులు. ఆమె తిరిగి చూడలేదు.

మంగళవారం ఆరింటికి ఏ చప్పుడూ లేదు. అపార్ట్‌మెంటంతా తొమ్మిదింటికి, గాభరాగా లేచింది.

అప్పటికే నీలిమ ఆఫీసులో ఉంది.