ఎడమ చెవిలో ఇల్లు

ఊరికి అవతలి చివరనున్న సొంతింట్లో ఎవరో కుళాయి తిప్పిన చప్పుడుకి రోజూ పొద్దున్నే డ్రైవరుగారికి మెలకువ వచ్చేది. లేవకుండా కాసేపు అలాగే పడుకుని వినేవాడు. బకెట్టు నిండటం, గిన్నె మీద మూత పెట్టటం, స్కూలుకి వెళ్ళనని పాప మారాం చెయ్యటం, అన్నీ ఎడమ చెవిలో పడేవి. కుడి చెవికి మాత్రం ఆయన అద్దెకుంటున్న గదిలో ఫ్యాను రొదే దిక్కు.

ఈ సంగతి కింద ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆవిడకి తెలుసు. వీధిలో అందరికీ తెలుసు. కొందరికి మోకాళ్ళ నొప్పులున్నట్టు ఈయనకి ఇదుందని ఊరుకునేవాళ్ళు.

"ఏంటన్నయ్యా, మీ ఇంట్లో విశేషాలు?" అని అడిగేదావిడ, పెట్టెలో బొగ్గులు సర్దుతూ.

"పాపకి జ్వరం తగ్గినట్టుందమ్మా. లేస్తూనే పేచీ మొదలెట్టింది."

"పోనీలెండి" అనేది. ఆ రోజుకి ఆయన మరో మనిషితో మాట్లాడటం అంతటితో సరి.

ఆయన బస్సు నడపటం మానేసిన ఏడే భార్య పోయింది. ఆవిడ లేని వంటింట్లోకి అడుగుపెట్టలేక, ఆ గుమ్మం ఎక్కకుండా అద్దె చేతికొస్తే చాలనుకుని ఇల్లు ఒక ఏజెంటుకి అప్పజెప్పాడు. "మీరు కాలు కదపక్కర్లేదు బాబాయ్. మనుషుల్ని చూసేదీ నేనే, అడ్వాన్సు దాచేదీ నేనే, నెలనెలా అద్దె వసూలు చేసి పంపేదీ నేనే" అన్నాడు ఏజెంటు. డ్రైవరుగారు కాగితాలు చదవకుండానే సంతకం పెట్టేశాడు. అద్దెకు దిగినవాళ్ళ మొహాలు కూడా చూళ్ళేదు. భర్త ఆస్పత్రి ల్యాబులో పని చేస్తాడనీ, వాళ్ళకో పాప ఉందనీ చెవి వల్లే తెలిసింది.

మొదట్లో అద్దె వేళకి వచ్చేది. తర్వాత ఆలస్యంగా రావటం మొదలైంది. ఆ తర్వాత సగమే.

"వాళ్ళకి ఇబ్బందిగా ఉందట బాబాయ్, గట్టిగా అడిగితే బావుండదు" అన్నాడు ఏజెంటు ఫోనులో.

అంతకు ముందురోజే డ్రైవరుగారు విన్నాడు. "అద్దె మొత్తం ఉందండీ, చూసుకోండి. రసీదు ఇస్తే బావుంటుంది" అన్నాడు ల్యాబతను. "మనలో మనకి రసీదులేంటి గురూ" అని ఏజెంటు నవ్వాడు.

తెలిసి కూడా ఆయన నోరు మెదపలేదు. గొడవ పెట్టుకుంటే ఏజెంటు తప్పుకుంటాడు, అప్పుడు ఆ గుమ్మం తనే ఎక్కాలి. దానికంటే వచ్చిన సగంతోనే సర్దుకుని, కంట్లో శుక్లం తీయించుకోవటం వాయిదా వెయ్యటమే తేలికనిపించింది. ఇస్త్రీ ఆవిడ మొహం రోజురోజుకీ మసకైపోతున్నా సరే.

ఒక మధ్యాహ్నం చెవిలో కొత్త చప్పుళ్ళు మొదలయ్యాయి. అటక మీంచి పెట్టెలు దించుతున్నారు. గిన్నెలు కాగితాల్లో చుడుతున్నారు.

"ఓనరు ఇల్లు అమ్మేస్తున్నాడట. వెంటనే ఖాళీ చెయ్యాలట" అంటోంది ఆ ఇంటి ఇల్లాలు.

"మరి మన అడ్వాన్సు?" అన్నాడు భర్త.

"అది ఓనరు వాడేసుకున్నాడట. ఏజెంటు చెప్పాడు."

ఇల్లు అమ్ముతానని డ్రైవరుగారు ఎవరితోనూ అనలేదు. డబ్బు సంగతి సరే, వాళ్ళు వెళ్ళిపోతే ఆ చెవిలో ఇంకేముంటుంది?

ఏజెంటు ఆఫీసుకి పరిగెత్తాడు. షట్టరు దించేసి ఉంది. తనలాంటి ఓనర్లే కొందరు అరుగు మీద కూలబడ్డారు.

"అందరి అద్దెలూ వాడి సొంత ఖాతాలోనే కలిపేసుకున్నాడండీ. ఇప్పుడు అప్పులవాళ్ళు అదంతా ఊడ్చుకుపోయారు" అంది వాళ్ళలో ఒక టీచరు.

"మరి అద్దెకున్నవాళ్ళ అడ్వాన్సు?"

"వాడు మన తరఫునేగా తీసుకున్నాడు. వాడికిచ్చారంటే మనకిచ్చినట్టే. మన చేతిలోంచే కట్టాలి."

ఆయన బస్టాపుకి నడిచాడు. వచ్చిన బస్సెక్కి, సొంతిల్లున్న వీధి మలుపులో దిగి, చాలాసేపు గేటు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత తలుపు తట్టాడు.

ఇల్లాలు తలుపు తీసింది. "ఎవరు కావాలండీ?"

"నేనమ్మా, ఈ ఇంటి..."

"లోపలికి రండి" అని ఆవిడ పక్కకి తప్పుకుంది. "మీ గొంతు తెలుసు. మూటలు కట్టాం కానీ బండి మాట్లాడలేదు. మమ్మల్ని పొమ్మని మీరు అనగా మేం వినలేదు."

ఆయన తెచ్చుకున్న మాటలే గబగబా చెప్పేశాడు. "ఇల్లు అమ్మటం లేదమ్మా. మీ అడ్వాన్సు నా చేతికి రాలేదు. అయినా అది నా బాకీయే. కొన్నాళ్ళు అద్దె ఇవ్వకండి, అందులో జమేసుకోండి."

"మరి మీరెలా గడుపుతారు?" అంటూ ల్యాబతను లోపల్నుంచి వచ్చాడు. "ముందుగది మాకు అక్కర్లేదండీ. మీరుంటున్న గదికి అద్దె దండగ, ఇక్కడికే వచ్చెయ్యండి."

"అమ్మగారు అంటున్నదీ అదేగా" అంది ఇల్లాలు.

"ఏ అమ్మగారు?"

"అన్నం తినేటప్పుడు మీరు మీ ఆవిడతో మాట్లాడతారు కదండీ. అది మా వంటింటి గోడలోంచి వినపడుతుంది. మీ మాట వెనకే ఆవిడ మాటా వస్తుంది. ఇంటికి రమ్మని ఎన్నిసార్లు పిలిచారో. మీకు వినపడదా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. తను అన్నం ముందు పైకే మాట్లాడుతున్నానన్న సంగతే ఆయనకి తెలీదు. మూటల మధ్య నుంచి తడుముకుంటూ వంటింట్లోకి నడిచాడు. గోడకి అరచెయ్యి ఆనించాడు, తర్వాత చెంప ఆనించాడు.

"ఇప్పుడేమంటోందమ్మా?"

ఇల్లాలు చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టి, కాసేపు కదలకుండా విన్నది.

"ఏమీ అనటం లేదండీ. మీరొచ్చారుగా."