గోడకు అటుపక్క సింకు

ఆ వీధిలో ఆమెను అందరూ క్యారియర్లావిడ అనే పిలుస్తారు. తెల్లవారుతూనే పొయ్యి ముట్టించి, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకు మధ్యాహ్నం భోజనం క్యారియర్లలో సర్ది పంపుతుంది. చెయ్యి మంచిదని తిన్నవాళ్ళంతా అంటారు. నోటి సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తితే ఆ నోట్లోనే పడాలి కదా!

అలాంటి మనిషి ఇంట్లో వారం రోజులుగా సింకు మొరాయిస్తోంది. తిరిగొచ్చిన క్యారియర్లు కడగడం మొదలుపెడితే చాలు, నీళ్ళు దిగడం మానేస్తాయి. బూడిదరంగు జిడ్డునీళ్ళు అంచుదాకా వచ్చి తిష్ఠ వేస్తాయి. మరిగే నీళ్ళు పోసింది. సోడా చల్లింది. రబ్బరు కప్పు పెట్టి చేతులు పడిపోయేలా నొక్కింది. ఎప్పటికో చుక్కచుక్కగా దిగేవి, మర్నాడు మళ్ళీ మొదటికొచ్చేది.

"ఇదెవరి పనో నాకు తెలీదనుకుంటున్నారా?" అంది భర్తతో. "మా అక్కదే. కుట్టగా మిగిలిన గుడ్డపీలికలన్నీ తెచ్చి పైపులో కుక్కుతోంది."

ఆయన కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తాడు. ఎదుటివాళ్ళకు చూపు తెప్పించడమే తప్ప తను చూసింది బయటికి చెప్పే అలవాటు లేదు. "అయ్యుండొచ్చు, కాకపోనూ వచ్చు" అన్నాడు.

ఆ ఇల్లు వాళ్ళ నాన్న కట్టించింది. ఆయన పోయాక అక్కచెల్లెళ్ళిద్దరూ చెరిసగం చేసుకుని, వంటగది నడిమధ్యన గోడ లేపించారు. కిటికీ అక్క వాటాలోకి పోయింది, గట్టు చెల్లెలి వాటాలోకి వచ్చింది. రెండు సింకులూ గోడకు చెరోవైపు వీపు ఆనించుకుని ఉంటాయి. అక్క పొట్టిది కాబట్టి ఆమె సింకు జానెడు కిందికి పెట్టించారు. గోడలో పైపు మాత్రం ఒక్కటే. అప్పట్లో పంచుకోవాలని ఎవరికీ తోచని వస్తువు అదొక్కటే మరి.

అక్క ఒంటరి మనిషి. కుట్టు నేర్పుతుంది. పోయినేడు ఒక మధ్యాహ్నం, చెల్లెలి గుమ్మం ముందు క్యారియర్ల కోసం నిలబడ్డ జనాన్ని చూసి, "ఇల్లు కాస్తా హోటల్ చేశావు కదే! నాన్న ఉంటే ఒప్పుకునేవాడా?" అంది. నలుగురిలో అంది. ఆ ఒక్కమాటతో మాటలు ఆగిపోయాయి. నీ గుమ్మం తొక్కితే ఒట్టు అంది చెల్లెలు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం ఆమె.

అక్కతో మాటలు ఆగాయి గానీ అక్క మీద మాటలు ఆగలేదు. గిన్నెలు కడుగుతూ, ఎవరుంటే వాళ్ళతో అక్క కబుర్లే చెప్పేది. అక్క మధ్యాహ్నం పూట కుట్టు క్లాసు మానేస్తే, "ఆ ముఖం చూసి ఎవరు నేర్చుకుంటారులే" అంది. "ఒంటికాయ శొంఠికొమ్ముకి పదిమందికి వండిపెట్టడం గురించి ఏం తెలుసు?" అంది. వంటగది ఇరుకుగా ఉందని ఎవరైనా అంటే దానికీ ఒక జోకు తయారుగా ఉండేది. "మా అక్క పైకి పోనీండి, ఈ గోడ కొట్టించి పెద్ద పొయ్యి వేయిస్తాను." విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె అందరికంటే గట్టిగా నవ్వేది.

ప్లంబరు వచ్చి చూశాడు. "రెండు వాటాలకీ ఒకటే పైపమ్మా. అవతలి సింకు కూడా చూస్తే గానీ చెప్పలేను" అన్నాడు. "అవతలికి వెళ్ళే పని లేదు. మేమే చూసుకుంటాం" అని పంపేసి, ఆ సాయంత్రమే హార్డ్‌వేర్ షాపుకు వెళ్ళి పైపులు శుభ్రం చేసే స్ప్రింగు కొనుక్కొచ్చింది. చుట్టలు చుట్టుకున్న పొడుగాటి ఇనపతీగ. ఒక చివర మెలితిరిగిన కొక్కెం, రెండో చివర తిప్పడానికి పిడి.

"అచ్చం పాములా ఉందే" అని భర్త ఒక అడుగు వెనక్కి వేశాడు.

"కరవదులెండి. మీరు టార్చి పట్టుకోండి చాలు."

మర్నాడు ఆదివారం. సింకులో నీళ్ళు మగ్గుతో తోడేసి, కింద బకెట్ పెట్టి, వంపు తిరిగిన ప్లాస్టిక్ పైపు ఊడదీసింది. అందులోంచి వచ్చిన వాసనకు భర్త ముఖం తిప్పుకున్నాడు. ఆమె నేలమీద వెల్లకిలా పడుకుని సింకు కింద తల దూర్చింది. గోడలోకి పోయే పైపు చుట్టూ కన్నం పెద్దదిగా ఉంది. మేస్త్రి పూడ్చకుండానే వదిలేశాడు. ఆ సందులోంచి అవతలి వంటగది వెలుతురు సన్నగా కనబడుతోంది. 'పని దొంగ' అని మేస్త్రిని ఒక తిట్టు తిట్టి, స్ప్రింగు పైపులోకి దోసింది.

"ఒక్క పీలిక దొరకనివ్వండి, మన గుమ్మానికి వేలాడదీస్తాను. వీధి వీధంతా చూడాలి ఆవిడ బుద్ధి."

"మెల్లగా మాట్లాడవే. గోడలకు చెవులుంటాయి."

"ఉంటే విననివ్వండి! ఉన్నమాటేగా అంటున్నాను."

పిడి తిప్పుతూ తోస్తూ పోయింది. మూరెడు దూరం పోయాక కొక్కెం మెత్తటిదేనికో తగిలింది. తిప్పింది. పట్టుకుంది. పళ్ళు బిగించి వెనక్కి లాగింది. ముందు కదల్లేదు. తర్వాత ఒక్కసారిగా వదులై, జిడ్డు ఓడుతూ ఒక గుడ్డముద్ద చేతిలోకి వచ్చింది. టార్చి వెలుగులో విప్పి చూస్తే నీలం పూల గుడ్డ, అంచున కత్తెర గాట్లు. సాక్షాత్తూ అక్క గుడ్డే.

ఆమెకు ఎంత సంతోషమేసిందో చెప్పలేం. నిధి దొరికినా అంత పొంగిపోయేది కాదు. "చూశారా! నేను చెబితే విన్నారా?" అంటూ వంపు పైపు బిగించి, కుళాయి పూర్తిగా తిప్పింది. నీళ్ళు సుడి తిరుగుతూ గడగడా దిగిపోయాయి. బకెట్లో ఉన్న మురుగు పోసింది, అదీ పోయింది. నిన్నటి అడుగంటిన గిన్నెలో నీళ్ళు పోసి కుమ్మరించింది, అవీ పోయాయి. కుళాయి అలాగే వదిలేసి, చేతిలో పీలికను దులుపుతూ నిలబడింది.

అప్పుడు గోడ అవతల ఏదో గిన్నె దభీమని పడింది. వెంటనే, "అయ్యో, అయ్యో!" అన్న కేక.

"మీ అక్కయ్య" అన్నాడు భర్త.

"ఇదే అదను" అనుకుంది ఆమె. పీలిక పట్టుకుని విసవిసా బయటికి నడిచింది. ఒట్టు సంగతి ఆ ఊపులో గుర్తే లేదు. అక్క తలుపు తోసుకుని, గుమ్మం దాటి, వంటగది దాకా వెళ్ళి, "ఏంటిది?" అని చెయ్యెత్తింది.

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

అక్క సింకు పొంగిపొర్లుతోంది. బూడిదరంగు జిడ్డునీళ్ళు, తను ఇప్పుడే కుమ్మరించిన గిన్నెలోని మాడు తునకలు, అన్నీ ఆ సింకు కన్నంలోంచి బుడబుడా పైకి వచ్చి నేలమీద పారుతున్నాయి. అక్క ఎడమచెయ్యి గుడ్డతో మెడకు కట్టుకుని, కుడిచేత్తో మగ్గు ముంచి బకెట్లో పోస్తోంది. గోడ పక్కన ఇంకా బకెట్లున్నాయి, ఒక పాత డబ్బా ఉంది, నేల తుడిచే గోనెపట్టాలు మడతలు పెట్టి ఉన్నాయి. ఇవాళ్టికివాళ సమకూర్చుకున్న సరంజామా కాదది.

వెనకే వచ్చిన భర్త ఒక్క చూపు చూసి, వెనక్కి పరిగెత్తి కుళాయి కట్టేశాడు.

"ఎన్నాళ్ళుగా?" అంది చెల్లెలు.

అక్క ఆమె చేతిలో ఉన్న పీలిక చూసింది. చూసి, తనే తప్పుచేసినదానిలా తల దించుకుంది. "అది నేనే నా సింకు కన్నంలో కుక్కానే. వారం కిందట భుజం పట్టేసింది, తోడలేకపోయాను. చెప్పకుండా చేయడం తప్పే."

"నేనడిగింది అది కాదు. ఈ నీళ్ళు ఎన్నాళ్ళుగా వస్తున్నాయి?"

"చలికాలం నుంచి. నువ్వు క్యారియర్లు కడిగే వేళకే వస్తాయి. ఆ వేళకు ఇంట్లో ఉంటే సరిపోతుందిలే అని..."

అందుకా మధ్యాహ్నం క్లాసు మానేసింది! చెల్లెలికి చెవులు వేడెక్కాయి. ఇన్ని నెలలూ తన సింకు బ్రహ్మాండంగా పనిచేస్తోందనుకుంది. పనిచేసింది సింకు కాదు, అక్క. ఎక్కడైనా గొయ్యి ఉంటే అందులో దిగిపోవాలనిపించింది.

"ఒక్కమాట చెప్పొచ్చు కదా?"

"ఏమని చెప్పను? నీ వంట జిడ్డు నా ఇంట్లోకి వస్తోందనా? ఒకసారి నీ వంట మీద మాట తూలినందుకే నువ్వు నాకు లేకుండా పోయావు."

చెల్లెలు వంగి, గోనెపట్టా తీసుకుని నేల తుడవడం మొదలుపెట్టింది. అక్క వద్దనలేదు.

నేల ఆరాక అక్కే దారి చెప్పింది. "అడ్డం కింద ఉంది. నీ స్ప్రింగు కిందికి దిగకుండా తిన్నగా నావైపు వచ్చేసింది. నేనిటు పైపులో కర్ర దోపి అడ్డం పట్టుకుంటాను. నువ్వటు తిప్పు, కిందికే దిగుతుంది."

చెల్లెలు తన వాటాకు వచ్చింది. వంపు పైపు మళ్ళీ ఊడదీసి, సింకు కింద పడుకుని, స్ప్రింగు దోసి ఎదురుచూసింది.

"చిన్నీ, ఇప్పుడు తిప్పు."

అక్క అరవలేదు. భుజం నొప్పితో ఉన్న మనిషి, సన్నగా, తనలో తను అనుకున్నట్టే అంది. ఆ సన్నటి మాట పైపు చుట్టూ ఉన్న కన్నంలోంచి, చెవి పక్కన కూర్చుని అన్నంత స్పష్టంగా వినబడింది. మాట వెనక అక్క ఊపిరి కూడా వినబడింది.

పిడి మీద ఆమె చెయ్యి ఆగిపోయింది.

అటునుంచి ఇన్నాళ్ళూ ఒక్కమాట కూడా ఇటు వినబడలేదు. ఒంటరి మనిషి ఎవరితో మాట్లాడుతుంది? కానీ ఇటునుంచి? ఇదే సింకు దగ్గర, ఇంతకు పదింతలు గొంతుతో, తను అన్నవన్నీ? ఆ వేళకు అక్క సరిగ్గా అవతల నిలబడి, తన ఎంగిలినీళ్ళు తోడుతూ ఉండేది. విననివ్వండి అనేది తను. నిజంగా వింటుందని ఏనాడూ అనుకోలేదు.

"ఏమైందే? తిప్పు."

తిప్పింది. ముఖం మండిపోతుంటే, కళ్ళు మసకబారుతుంటే, ఆపకుండా తిప్పింది. ఈసారి స్ప్రింగు కిందికి దిగింది. చాలా లోతున గట్టిగా తగిలింది. గుచ్చి, తిప్పి, లాగితే తెల్లగా పేరుకుపోయిన జిడ్డు గడ్డలు గడ్డలుగా వచ్చింది. ఆ జిడ్డులో రబ్బరు రింగులు. క్యారియర్ మూతలకు ఉండేవి. ఎలా మాయమవుతున్నాయో తెలియక, అక్కను అనుమానించడమొక్కటే తక్కువైన రింగులు. ఒక్క పీలిక ముక్క కూడా లేదు.

మళ్ళీ అన్నీ బిగించి కుళాయి తిప్పారు. అవతలినుంచి అక్క, "ఇటు చుక్క రాలేదు" అంది. సంతోషంగానే అంది.

భర్త ఏదో అనబోయాడు. ఆమె చప్పున ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాత మళ్ళీ నేలమీద కూర్చుని, సింకు కిందికి వంగి, పెదవులు కన్నానికి దగ్గరగా పెట్టింది. జీవితంలో అంత మెల్లగా ఆమె ఎప్పుడూ మాట్లాడి ఉండదు.

"అక్కా... ఆ పొయ్యి మాట కూడా విన్నావా?"

అవతల బకెట్లు ఒకదాంట్లో ఒకటి పెడుతున్న శబ్దం వచ్చింది. అది ఆగింది.

"పెద్దదే వేయించుకో" అంది అక్క. "కిటికీ మాత్రం మూయించకు. అంత వంటకు పొగ పోవాలి కదా."

ఆమె సింకు కిందనుంచి తల బయటికి తీయలేకపోయింది. భర్త టార్చి ఆర్పేసి, అటు తిరిగి నిలబడ్డాడు.