లేసు మీద పడిన నింద

అరబ్బుల దేశంలో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక పెద్ద విల్లాని చెక్క గోడలతో ముక్కలు చేసి, ముక్కకో కుటుంబాన్ని పెట్టారు. అందరికీ కలిపి ఒక వంటగది, ఒక హాలు, హాల్లో ఒక కంప్యూటరు. పక్కనున్న ముసఫ్ఫాలో ఏదో ఆఫీసు మూసేస్తుంటే, కంపెనీ బస్సు నడిపే అంజిబాబు దాన్ని పిల్లల ఆన్‌లైన్ క్లాసులకని మోసుకొచ్చాడు. ఆన్ చేస్తే పిండిమర మొదలైనట్టే. క్లాసులో టీచరు చెప్పేది పిల్లలకి సగమే అందేది. ఆ సగంతోనే పాసైపోయారనుకోండి, అది వేరే సంగతి.

ఆ మోత అందరికంటే ఎక్కువ బాధపెట్టింది దేవిని. దేవిది నర్సాపురం. అరబ్బుల ఇళ్లలో వంటపని చేసొచ్చి, ఖాళీ దొరికితే లేసు అల్లుతుంది. కదలకుండా ఒకచోట నిలబడిన వస్తువు ఏదైనా సరే, దేవి దానికో లేసు తొడుగు కప్పాల్సిందే. ఫ్రిజ్జు, మిక్సీ, మంచినీళ్ల సీసా ఏదీ తప్పించుకోలేదు. ఊళ్లో తమ్ముడు వాసుకి ఎన్నేళ్లకో కూతురు పుడితే, చూద్దామని ఈ కంప్యూటర్లోనే మాట్లాడింది.

"అక్కా, ముందు ఆ మిక్సీ ఆపవే, ఏం వినబడట్లేదు," అన్నాడు వాసు.

"మిక్సీ కాదురా, కంప్యూటరు!"

"ఆఁ? పచ్చడా?"

ఆ తర్వాత బారసాల శుక్రవారానికి పడింది. వాళ్లింట్లో ఆనవాయితీ ఏమిటంటే, బిడ్డ చెవిలో పేరు మొదట పిలవాల్సింది మేనత్త. ఆ కరోనా ఏడు వెళ్తే తిరిగి రావడానికి విమానాలు లేవు. దేవి ఫోను చూస్తే, అద్దం పగిలి కెమెరా పోయి కూర్చుంది. పెద్ద తెరైతే విల్లా అంతా చూడొచ్చని కంప్యూటరే ఖాయం చేసుకుంది.

"అలేఖ్యా, నువ్వు ఇంజనీరువి కదే. నా గొంతు ఆ పిల్ల చెవిలో పడాలి, ఈ పెట్టె గోల కాదు. ఏదోటి చెయ్యవే తల్లీ."

"ఇంతేనా దేవక్కా? చిటికెలో పని," అంది అలేఖ్య.

అలేఖ్య అంజిబాబు అన్నకూతురు. పక్కనే ఒక కంపెనీలో కంప్యూటరు ముందు ఉద్యోగం. విల్లాలో అందరూ ఇంజనీరమ్మా అని పిలుస్తారు, పిలిచినప్పుడల్లా ఆమె కొంచెం పొడుగవుతుంది. నిజానికి నాలుగేళ్ల చదువులో ఆమె ఏ కంప్యూటరు మూతా విప్పి చూసిన పాపాన పోలేదు. కానీ ఏం చెయ్యాలో తెలుసు. లోపల దుమ్ము పేరుకుంటే వేడి బయటికి పోదు, వేడి పోకపోతే ఫ్యాను ప్రాణం మీదికొచ్చినట్టు తిరుగుతుంది. కాబట్టి మూత విప్పాలి, దుమ్ము దులపాలి, చిప్పు వేడిని లాగే పేస్టు ఎండిపోయుంటే తుడిచి కొత్తది పూయాలి. అంతా చేసి మళ్లీ బిగించాక అది ఆన్ అవకపోతే?

అందుకని ఆమె అసలు మూత జోలికే పోలేదు. సెట్టింగుల్లోకి వెళ్లి ఫ్యాను వేగాన్ని బాగా తగ్గించి, అంతకు మించి పెరగకుండా కట్టేసింది.

మోత ఠక్కున ఆగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. దేవి వేడివేడి అరటికాయ బజ్జీలు తెచ్చి నోటికి అందించింది. బజ్జీ నములుతూ అలేఖ్య వేడి చూపించే అంకె వైపు ఓరగా చూసింది. అది మెల్లగా ఎర్రబడుతోంది. తెర మీది ఆ అంకె కిటికీ మూసేసి, ఇంకో బజ్జీ తీసుకుంది.

మర్నాడే శుక్రవారం. హాలు పెళ్లిపందిరిలా ఉంది. దేవి పట్టుచీర కట్టుకుని, అచ్చం ఆ రోజు కోసమే అల్లిన కొత్త లేసు కంప్యూటరు పెట్టె మీద కప్పింది. తెర మీద వాసు బియ్యంలో పేరు రాశాడు. పంతులుగారు మేనత్తని పిలవమన్నారు. ఎవరో ఫోను తెచ్చి బిడ్డ చెవి దగ్గర పెట్టారు. ఇటు విల్లా అంతా ఊపిరి బిగబట్టింది.

దేవి ముందుకు వంగింది. "అమ్మా, కుం..."

తెర నల్లబడిపోయింది.

అంజిబాబు పెట్టె మీద చెయ్యేసి చటుక్కున తీసేశాడు. "ఓర్నాయనో, పెనంలా కాలిపోతోంది! ఇలా గుడ్డ కప్పేస్తే గాలెలా ఆడుద్ది దేవీ?"

అందరి కళ్లూ లేసు మీద పడ్డాయి. అంజిబాబు తిరిగి, "అంతేనా ఇంజనీరమ్మా?" అన్నాడు.

"గాలి ఆడకపోతే వేడెక్కుతుంది బాబాయ్," అంది అలేఖ్య.

ఆ వాక్యంలో ఒక్క మాట కూడా తప్పు కాదు. అయినా అది పచ్చి అబద్ధం. ఆ లేసు నిండా కన్నాలే, అందులోంచి గాలేమిటి, బియ్యమే జారిపోతాయి.

అంజిబాబు ఫోనులోంచి మళ్లీ కలిపి జరిగింది చెప్పేసరికి ముహూర్తం దాటిపోతోందని పంతులుగారు తొందరపెట్టి, పెద్దమ్మ కూతురు మాణిక్యం చేత పేరు పిలిపించేశారు. ఫోనులో మాణిక్యం నవ్వుతోంది. "నీ లేసు పిచ్చి ఎంతపని చేసిందే దేవీ!"

"పోన్లే, పిల్లకి పేరు పడిందిగా," అంది దేవి. పట్టుచీరతోనే వెళ్లి వంటగదిలో గిన్నెలు తోమడం మొదలెట్టింది. తోమినవే మళ్లీ తోముతోందని అలేఖ్య ఒక్కతే గమనించింది. గమనించి, గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

మర్నాడు ఫ్రిజ్జు బోసిగా ఉంది. మిక్సీ కూడా. ఆఫీసు నుంచి వచ్చిన అలేఖ్య హాల్లోకి వస్తే, దేవి కింద కూర్చుని ఒక పెద్ద తెల్లటి లేసుని కొస పట్టి లాగుతోంది. పువ్వు తర్వాత పువ్వు విడిపోయి, ముడతలు పడ్డ దారం ఒళ్లో కుప్పపడుతోంది.

"అదేంటి దేవక్కా? కుందన ఉయ్యాలకని అల్లింది కదా!"

"ఆ ఇనప పెట్టెకే ఊపిరాడలేదు. పసిగుడ్డు మీద ఎలా కప్పమంటావే? నా చేత్తో నేనే..." మాట పూర్తి చెయ్యకుండా ఇంకో వరస లాగింది.

అలేఖ్య ఆ చెయ్యి పట్టుకుంది. "ఆపక్కా. అది లేసు వల్ల ఆగలేదు. నా వల్ల ఆగింది."

చెప్పడం మొదలెట్టాక మొత్తం చెప్పింది. మూత విప్పడానికి భయపడటం, ఫ్యానుని కట్టేయడం, ఎర్రటి అంకె, రెండో బజ్జీ. లేసు కూడా కాస్తో కూస్తో అడ్డుపడి ఉంటుందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్కటీ మింగేసింది.

దేవి ఒళ్లోని దారం కింద పడేసింది. "మీ బాబాయి అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదే?"

"సిగ్గేసింది."

"నీకు సిగ్గేస్తే, తెచ్చి నాకు కప్పావా?"

అలేఖ్య ఆమె చెయ్యి వదిలింది. లేచి వెళ్లి అంజిబాబుని స్క్రూడ్రైవరు అడిగింది. ఎందుకో కూడా ఆయనకి చెప్పాల్సొచ్చింది. ఆయన అది చేతిలో పెట్టి బస్సు దగ్గరికి వెళ్లిపోయాడు. నాలుగు తిట్టి ఇచ్చినా బాగుండేది.

మూత విప్పితే లోపల దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉంది.

"ఇదిగో, అసలు గుడ్డ ఇది," అంది దేవి పైనుంచి చూసి.

అలేఖ్య చిన్న బ్రష్షుతో రేకుల మధ్య దుమ్మంతా దులిపింది. పాత పేస్టు తుడిచి, ముసఫ్ఫా నుంచి తెచ్చుకున్న కొత్తది పూసింది. ఫ్యానుకి వేసిన కట్టు తీసేసి, వేడిని బట్టి దాని ఇష్టానికి తిరగమని వదిలేసింది. ఈసారి ఆ అంకె కిటికీ మూయలేదు. పిల్లల బొమ్మల వీడియోలన్నీ వరసగా పెట్టి, కాపలా కుక్కలా ఎదురుగా కూర్చుంది. అంకె ఎర్రబడలేదు. ఫ్యాను తిరుగుతోందో లేదో చెవి పెట్టి వింటే గానీ తెలియడం లేదు.

"ఖలాస్ అక్కా, పని అయిపోయింది. ఇంక ఆగదు."

"అయితే వాసుకి కలుపు. మాణిక్యం ఇంకా అక్కడే ఉంది, నా లేసు గురించి నవ్వుతానే ఉంది. నాకు చెప్పింది వాళ్లకీ చెప్పు."

తెర మీద వాసు, వాళ్లావిడ, మాణిక్యం, ఉయ్యాల. "అక్కా, లైనుందా? మిక్సీ సౌండు లేదేంటి?" అన్నాడు వాసు.

"ఉందిరా. ఈ అమ్మాయి మీతో ఏదో చెప్పాలంట."

అలేఖ్యకి ఆ క్షణంలో పాత పిండిమర మోత కావాలనిపించింది. అది ఉంటే సగం మాటలు దాంట్లో కలిసిపోయేవి. ఇప్పుడు ఎంత గొణిగినా ప్రతి మాటా స్పష్టంగా అవతలికి వెళ్లిపోతోంది. చెప్పడం అయ్యాక ఉయ్యాల గొలుసు కిర్రుమన్న చప్పుడు కూడా ఇటు వినబడింది.

"అయితే మా దేవిని ఉత్తపుణ్యానికి అన్నన్ని మాటలు అన్నానా ఏంటి నేను?" అంది మాణిక్యం చివరికి. "చదువుకున్న పిల్లవి, అప్పుడే నోరు విప్పొద్దా అమ్మా?"

"విప్పాలండీ," అంది అలేఖ్య.

"జరుగు," అంది దేవి.

అలేఖ్య కుర్చీ వదిలి కింద కూర్చుంది. దేవి వంగి, తాపీగా, గొంతు పెంచే అవసరం లేకుండా, "కుందనా," అని పిలిచింది. అవతల బిడ్డ కాళ్లు ఆడించింది.

కింద దారం చిక్కుపడి ఉంది. అలేఖ్య కొస వెతికి, తెగిపోకుండా ఉండ చుట్టడం మొదలెట్టింది. దేవి ఆమె వైపు చూడలేదు. చూడకుండానే, దారం సాఫీగా రావడానికి తన కాలు కొంచెం పక్కకి జరిపింది.