వెనక్కి నడిచిన పెళ్లి

మా సీతమ్మక్క పెళ్లి సినిమా జమ్మలమడుగులో, మా నాన్న ట్రంకుపెట్టె అడుగున, పాత పంచాంగాల కింద దొరికింది. యాభై నాలుగులో మా సూర్యప్రకాశరావు మామ మద్రాసు నుంచి చేతిలో ఇమిడే సినిమా కెమెరా తెచ్చి పెళ్లంతా తీశాడు. తర్వాత ఆయన పోయాడు. చూపించే మిషను మాకెవరికీ లేదు. అట్లా అందరూ మరిచిపోయారు. పదహారేళ్ల తర్వాత ఆ రేకుడబ్బా పట్టుకుని నేను అక్కావాళ్లుండే పులివెందులకు బస్సెక్కాను.

నిజం చెప్పాలంటే సినిమా వంకే, వెళ్లింది పోట్లాటకు. అక్క కూతురు వారిజ హైస్కూలు చదువు పూర్తిచేసింది, కడప కాలేజీలో చేరతానంటోంది. తాలూకాఫీసులో గుమాస్తా అయిన మా బావ గురురాజారావు వద్దంటున్నాడు. పిల్ల జాతకంలో చదువుకన్నా ముందు పెళ్లి రాసి ఉందట. ఎవరో సంబంధం వాళ్లు వస్తామన్నారట కూడా. మా బావ పంచాంగం చూడనిదే తుమ్మడు. కాలేజీలో చేరడానికి సోమవారంతో గడువు ముగుస్తుంది. అక్క బతిమాలి బతిమాలి అలిసిపోయింది. అక్కది మెత్తని నోరు. నాకు ఆ జబ్బు లేదు.

ప్రొద్దుటూరులో ఫొటో స్టూడియో నడిపే హుమాయున్ దగ్గర ప్రొజెక్టరు ఉందని తెలిసి ఆయన్నీ రప్పించాను. ఆదివారం మధ్యాహ్నం కిటికీలకు కంబళ్లు కట్టి, గోడకు బావ పంచె బిగించాం. బావ తల్లి తుంగాబాయమ్మ అందరికన్నా ముందు పీట వేయించుకుంది.

పంచె మీద పెళ్లి కదిలింది. మాట లేదు, మేళం లేదు. మా నాన్న ఎవరినో కసురుకుంటూ మధ్యలోనే నవ్వేశాడు. పోయిన మనిషి అట్లా నవ్వుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. పెళ్లిపీటల మీద అక్క తల పైకెత్తి ఏదో అనబోయింది. నాన్న చెయ్యి వచ్చి ఆ తలను కిందికి వంచింది. బావ తాళి కట్టాడు.

"బడి మానను, చదువుకుంటా అని చెప్పబోయినా," అంది అక్క మెల్లగా. "అంతలోకే నాయన తల వంచేసినాడు."

బావ విననట్టు విసనకర్ర ఊపుకున్నాడు. అంతలో పంతిలో కూర్చుని అప్పడం విరుస్తున్న పెళ్లికొడుకు కనిపించేసరికి వారిజ పకపకా నవ్వింది. రీలు అయిపోయింది.

హుమాయున్ పొరపాటు చేసింది ఇక్కడే. రీలును మళ్లీ మొదటికి చుట్టేటప్పుడు బల్బు ఆర్పేయాలి. వారిజ ఇచ్చిన మజ్జిగ ధ్యాసలో పడి ఆయన ఆర్పకుండానే మీట వెనక్కి తిప్పాడు.

పెళ్లి వెనక్కి నడవసాగింది. బావ నోట్లోంచి అప్పడం ముక్కలు బయటికొచ్చి గుండ్రంగా అతుక్కున్నాయి. తలంబ్రాలు తలల మీంచి లేచి దోసిళ్లలోకి దూకాయి. మేం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నాం. ఇంతలో బావ అక్క వెనక చేరి, ఒక్కో ముడీ విప్పి, తాళి పళ్లెంలో పెట్టేసి, తన పీట మీదికి పోయి కూర్చున్నాడు.

"అయ్యో అయ్యో! ఆపప్పా!" తుంగాబాయమ్మ కేక పెట్టింది. "తాళి విప్పేసినాడే!"

"రీలు చుట్టుకుంటాందవ్వా, అంతే!" హుమాయున్ గ్లాసు వదిలేసి బల్బు ఆర్పాడు.

"నా కండ్లతో చూసినా గదప్పా. నా కొడుకే, సొంత చేత్తో!"

"అది సినిమా లేమ్మా," అన్నాడు బావ. కానీ మొహం పాలిపోయింది. చెయ్యి అప్పుడే పంచాంగం కోసం తడుముతోంది. దాన్ని నేను ముందే నా కొంగు కింద దాచేశాను.

అక్క అత్తగారి తీర్పు వచ్చేసింది. పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టి ఇప్పుడే మళ్లీ మూడు ముళ్లు వెయ్యాలి, వర్జ్యం రాకముందే. "భర్త పోయినదాన్ని, నేను ముందుకు రాకూడదు. రుక్కూ, నువ్వు కానీ," అంది నాతో. అసలు తాళి అక్క మెడలో నిక్షేపంగా ఉంది. దాని వంక ఒక్కరూ చూడలేదు.

అక్కను పీట మీద కూర్చోబెట్టాను. బావ తాడు పట్టుకుని వెనక నిలబడ్డాడు.

"తల వంచు," అన్నాడు.

అక్క వంచలేదు. "వారిజను కాలేజీలో చేర్పిస్తారా?"

"ఇప్పుడా ఆ మాట?"

"ఆ పొద్దు అడగనీలేదు. ఈ పొద్దు అడుగుతాండా."

"చూద్దాంలే."

"చూద్దామంటే ముడి పడదు."

మా అక్క నోట్లోంచి ఆ మాట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. సంతోషం పట్టలేక నా వంతు మాట నేనూ వేశాను. "బావా, వర్జ్యం వచ్చేస్తాంది!" నిజానికి ఇంకా శానాసేపు ఉంది.

"ఒప్పుకోరా మొండోడా!" తుంగాబాయమ్మ గుమ్మంలోంచి అరిచింది. "కోడలు బోసిమెడతో కూచోనుంటే నీకు బేరాలేందిరా!"

బావ తల్లిని చూశాడు, కూతుర్ని చూశాడు. జాతకం మాట ఎత్తబోయి తనే మింగేశాడు. శాస్త్రం తప్పుతుందని భయపడి చేతిలో పసుపుతాడు పట్టుకున్నవాడు ఇంకే శాస్త్రం చెప్తాడు?

"సరే. రేపు పొద్దున బస్సుకే పిలుచుకొనిపోతా. నేనే చేర్పిస్తా."

"ఆ సంబంధం వాళ్లకు?"

"ఇప్పుడు పెండ్లి లేదని కార్డు రాస్తాలే."

అప్పుడు అక్క తనంతట తనే తల వంచింది. బావ మూడు ముళ్లూ వేశాడు. వారిజ పరుగెత్తుకొచ్చి వాళ్లమ్మను వాటేసుకుంది. నేను అక్షింతలు వేస్తూ మళ్లీ ఏడ్చాను, ఈసారి హాయిగా.

హుమాయున్ తలవంచుకుని మిషను సర్దుకుంటున్నాడు. తుంగాబాయమ్మ ఆయన దగ్గరికి వెళ్లి, చల్లారుతున్న ఆ మిషనును కాసేపు చూసింది.

"నా పెండ్లి గూడా ఎవరన్నా ఇట్లా తీసుంటే బాగుండు గదప్పా," అంది. "నేనూ ఒక మాట అడిగుందును."